జట్టు వెనుక గురువు: భారత ఫుట్‌బాల్ శిక్షకుల పరంపర

మైదానంలో పదకొండుగురు ఆడతారు. గోలు కొట్టినవాని చిత్రం మరునాడు పత్రికలో పడుతుంది. గీత వెలుపల నిలబడి ఆ పదకొండుగురినీ ఒక జట్టుగా మలచిన వ్యక్తిని తలచుకొనేవారు అరుదు. ఇంగ్లండులో అతనిని మేనేజర్ అంటారు. మన దేశంలో మేనేజరంటే జట్టు ప్రయాణం, బస, లెక్కలు చూసే అధికారి. ఆట నేర్పేవాడు కోచ్. కనుక ఈ వ్యాసంలో శిక్షకుడు అనే మాటనే వాడుతున్నాము. స్వాతంత్ర్యానంతరం భారత జాతీయ జట్టును తీర్చిదిద్దిన శిక్షకులలో ముఖ్యులైనవారిని పరిచయం చేసి, వారి చరిత్ర నుండి విద్యార్థులు, విద్యాసంస్థలు గ్రహించవలసిన పాఠమేదో విచారించటం మా ఉద్దేశం.

ఉత్తకాళ్ల కాలం

1948లో లండన్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన జట్టుకు శిక్షకులు బలాయీదాస్ చటర్జీ. మనవారిలో అధికసంఖ్యాకులు బూట్లు లేకుండానే ఆడారు. ఫ్రాన్సుతో 2-1 తేడాతో ఓడినా, ఆ ఆటలో రెండు పెనాల్టీలు చేజారకపోయి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. ఆ పిమ్మట జట్టు బాధ్యత హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌కు సంక్రమించింది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో, మేవాలాల్ కొట్టిన ఏకైక గోలుతో ఇరాన్‌ను ఓడించి భారత్ స్వర్ణపతకం గెలుచుకొన్నది. కాని మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం పొందింది. చలిదేశపు పచ్చికపై ఉత్తకాళ్ల నైపుణ్యం నిలువదని ఆనాడు రుజువైంది. తరువాత బూట్లు తప్పనిసరి చేశారు. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. అంతటి ఓటమి తరువాత కూడ 1956 ఒలింపిక్ జట్టును మరల రహీమ్‌కే అప్పగించారు. ఓటమి నుండి నేర్చుకొనే అవకాశం గురువుకు సైతం లభించింది.

బడిపంతులు రహీమ్

రహీమ్ సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. పట్టా పొంది, కాచిగూడ మాధ్యమిక పాఠశాల మొదలైన చోట్ల ఉపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత వ్యాయామవిద్యలో డిప్లొమా తీసుకొని దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పిల్లలకు ఆటలు నేర్పారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన పద్ధతి బడిపంతులు పద్ధతియే. పిల్లవాడు కుడికాలితోనే బంతి తన్నటానికి అలవాటు పడితే, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే ఉంచుకొని ఒంటరిగా పరుగుతీసే అలవాటు మాన్పటానికి, డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు జరిపేవారు. చిన్నవారు పెద్దవారి నడుమ నలిగిపోకుండ వయస్సునూ ఎత్తునూ బట్టి పోటీలు ఏర్పరిచేవారు. విద్యార్థి లోపాన్ని గుర్తించి ఆ లోపానికి తగిన అభ్యాసం ఇవ్వటం కంటె బోధనలో గొప్ప సూత్రం వేరే లేదని మా అభిప్రాయం.

ఫలితం మెల్‌బోర్న్‌లో కనబడింది. 1956లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశంగా భారత్ నిలిచింది. చివరకు నాల్గవ స్థానం దక్కింది. 1960లో రోమ్ నగరంలో ఫ్రాన్సుతో 1-1గా సమానంగా ఆడింది. ఆ జట్లలో హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాలలో పెరిగిన వారు పలువురు. సికింద్రాబాదు అమ్ముగూడ వాసి తులసీదాస్ బలరామ్ వారిలో ఒకరు.

1962 జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీమ్ సాహెబ్‌ను క్యాన్సర్ వ్యాధి పీడిస్తున్నది. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తరువాత థాయిలాండ్‌ను, జపాన్‌ను, దక్షిణ వియత్నాంను వరుసగా గెలిచి, సెప్టెంబరు 4న అదే కొరియాతో ఫైనల్ ఆడవలసి వచ్చింది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన బ్యాక్ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందువరుసకు మార్చారు. ఫ్లూ జ్వరంతో వెనుకబడిన గోల్‌కీపర్ తంగరాజ్‌ను తిరిగి దింపారు. ప్రేక్షకులు మనకు ప్రతికూలంగా కేకలు వేస్తూండగా పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు కొట్టారు. భారత్ 2-1 తేడాతో గెలిచింది. 1963 జూన్ 11న రహీమ్ కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు స్వర్ణం రాలేదు.

పిమ్మటి వారు

ఆయన తరువాత ఇంగ్లండు దేశీయుడు హ్యారీ రైట్ వచ్చారు. 1964 ఆసియా కప్పులో జట్టు రెండవ స్థానం పొందింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో జి.ఎం.హెచ్. బాషా, పి.కె. బెనర్జీల శిక్షణలో కాంస్యం దక్కింది. అప్పటి నాయకుడు హైదరాబాదీ అయిన సయ్యద్ నయీముద్దీన్. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య పురస్కారాలు పొందిన ఆయన, తరువాత తానే జాతీయ శిక్షకుడై 1997లోను 2005లోను దక్షిణాసియా పోటీలలో జట్టును గెలిపించారు.

విదేశీయులూ పలువురు వచ్చారు. యుగోస్లావియాకు చెందిన మిలోవన్ చిరిచ్ కాలంలో 1984 ఆసియా కప్పుకు అర్హత లభించింది. బాబ్ హౌటన్ 2008లో చాలెంజ్ కప్పు గెలిపించి, ఇరవై ఏడేళ్ల తరువాత 2011 ఆసియా కప్పుకు దారి తెరిచారు. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ హయాంలో 173వ ర్యాంకుకు పడిపోయిన జట్టు 2017లో 96కు ఎదిగింది. క్రొయేషియా దేశీయుడు ఇగోర్ స్టిమాచ్, స్పెయిన్ దేశీయుడు మనోలో మార్క్వెజ్‌ల పిమ్మట 2025 ఆగస్టులో మన దేశీయుడైన ఖాలిద్ జమీల్ నియమితులయ్యారు. ప్రతిభావంతులు లేకపోలేదు. అయినను 1962 నాటి శిఖరం మరల అందలేదు. కారణమేమి?

ఆనకట్టయు పిల్లకాలువలును

మన గోదావరి మండలాల వారికి ఈ విషయం ఒక పోలికతో సులభంగా బోధపడుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట ఎంత గొప్పదైనా, కాలువలూ లాకులూ పిల్లకాలువలూ లేకపోతే చివరి పొలానికి నీరందదు. వేసవిలో కాలువలు కట్టి పూడిక తీయకపోతే ఆనకట్ట వద్ద నీరుండియు చేను ఎండుతుంది. జాతీయ శిక్షకుడు ఆనకట్ట వంటివాడు. పాఠశాల మైదానం పిల్లకాలువ. రహీమ్ ఈ రెండింటినీ తానే చూసుకొన్నారు. ఆయన తరువాత మనం ఆనకట్టను పలుమార్లు మార్చాము. పూడిక తీయటం మరచాము.

జపాన్ చరిత్ర దీనికి తార్కాణం. 1962లో జకార్తాలో మన చేతిలో 2-0 తేడాతో ఓడిన దేశమది. 1960లో జర్మనీ నుండి డెట్‌మార్ క్రామర్‌ను శిక్షకుడిగా రప్పించుకొన్నది. ఆయన జట్టుకు ఆట నేర్పి ఊరుకోలేదు. దేశవ్యాప్తమైన లీగ్ పోటీలు, శిక్షకులకు శిక్షణ ఉండాలని సూచించారు. జపాన్ వినింది. 1965లో లీగ్ ప్రారంభించి, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం, 1998లో ప్రపంచ కప్పు ప్రవేశం సాధించింది. కనుక శిక్షకుడు స్వదేశీయుడా, విదేశీయుడా అన్నది ప్రధానం కాదు. ఆయన చెప్పినది అట్టడుగు మైదానం వరకు పారిందా అన్నదే ప్రధానం.

మన కర్తవ్యం

విద్యార్థులారా, 2024లో రహీమ్ జీవితంపై ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వచ్చిన తరువాత ఆయన పేరు మీలో కొందరికి తెలిసింది. తెరపై చూసి చప్పట్లు కొట్టటంతో ఆయన ఋణం తీరదు. మీలో ఉపాధ్యాయవృత్తి చేపట్టబోయేవారు, ఏ మారుమూల లంకగ్రామంలో ఉద్యోగం వచ్చినా, సాయంత్రం ఒక గంట పిల్లలతో మైదానంలో నిలబడండి. బలహీనమైన కాలికి అభ్యాసం ఇప్పించండి.

కళాశాల సంఘం పెద్దలకు మా మనవి ఒక్కటే. పరీక్షలు దగ్గరపడగానే కాలపట్టికలో మొట్టమొదట రద్దయ్యేది ఆటల గంట. ఖర్చు తగ్గించవలసి వచ్చినప్పుడు మొదట ఖాళీగా మిగిలేది వ్యాయామోపాధ్యాయుని పదవి. ఈ రెండింటినీ కాపాడండి. బాలికలకు సైతం ఆ గంట దక్కేటట్లు చూడండి. చాదర్‌ఘాట్ పాఠశాల వ్యాయామోపాధ్యాయుడు ఒక దేశపు జట్టును ఆసియాలో అగ్రస్థానాన నిలిపాడు. అటువంటి పదవిని మన సంస్థలో ఖాళీగా ఉంచటం న్యాయం కాదు.