మీటరు మాట నమ్మేదెట్లా?



విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సంచికకు నా వృత్తి గురించి నాలుగు మాటలు వ్రాయమని కోరినప్పుడు కొంత సంకోచించాను. అద్దాల మేడలో కూర్చుని చేసే ఉద్యోగం కాదు నాది. పటాన్‌చెరు దాటిన తరువాత చిట్కుల్‌లో ఒక రేకుల షెడ్డు మీద కట్టిన రెండు గదులు, ఒక సోల్డరింగ్ బల్ల, ఒక ఆసిలోస్కోపు, నలుగురం మనుషులం. అరచేతిలో ఇమిడే సర్క్యూట్ బోర్డులు తయారు చేసి చుట్టుపక్కల ఫ్యాక్టరీల గోడలకు తగిలిస్తాం. దీనిని ఎంబెడెడ్ ఇంజనీరింగ్ అంటారు. ఒక యంత్రం లోపల, బయటికి కంప్యూటరులాగా కనబడకుండా, ఒకే ఒక పని కోసం అమర్చిన చిన్న కంప్యూటరే ఎంబెడెడ్ సిస్టమ్. దాని మెదడును మైక్రోకంట్రోలర్ అనీ, దానిలో శాశ్వతంగా ఉండే ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అనీ వ్యవహరిస్తారు. మీ ఇంటి కరెంటు మీటరులోనూ, వాషింగ్ మెషీన్‌లోనూ ఉన్నది ఇదే.

నేను చేసే బోర్డులు ఫ్యాక్టరీ నుంచి బయటికి పోయే మురుగునీటిని కనిపెట్టుకొని ఉంటాయి. ఈ ప్రాంతంలో ఆ పనికి ఎంత విలువ ఉన్నదో కొత్తవారికి చెప్పాలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థజలాలు ఇస్కవాగు, నక్కవాగుల గుండా మంజీరలోకి చేరిన చరిత్ర మన జిల్లాలో పెద్దలందరికీ తెలిసిందే. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఆ నీటిలో కనబడింది. పటాన్‌చెరు పేరు ప్రపంచమంతా వినబడింది ఆ కారణంగానే, ఇక్రిశాట్ పంటల పరిశోధన వల్ల వచ్చిన మంచి పేరుకు పక్కనే. ఆ తరువాత 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఎక్కువ కాలుష్యం కలిగించే 17 తరగతుల పరిశ్రమలు తమ వ్యర్థాలను నిరంతరం కొలిచి, ఆ అంకెలను ఆన్‌లైన్‌లో పంపాలని ఆదేశించింది. అధికారి సీసాతో వచ్చి నమూనా పట్టుకుపోయే రోజులకు తోడుగా, మీటరే స్వయంగా సాక్ష్యం చెప్పే రోజులు వచ్చినవి. మా వంటి చిన్న వాళ్లకు పని దొరికింది.

సాక్షి అబద్ధమాడితే ఏమిటి గతి? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

తెగిన తీగ, దొంగ తీగ

మన పాఠ్యపుస్తకాలలో 4–20 మిల్లీ ఆంపియర్ల సంకేతం గురించి చదివే ఉంటారు. నీటి ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్ మీటరు 0 నుంచి 14 వరకు చూపుతుంది గదా. 0 వస్తే 4 మిల్లీ ఆంపియర్లు, 14 వస్తే 20, సరిగ్గా మధ్యన 7 వస్తే 12. సున్నాకు సున్నా కరెంటే పెట్టవచ్చు గదా, 4 ఎందుకు? తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది. అప్పుడు "కొలత సున్నా" అని మోసపోకుండా "తీగ తెగింది" అని తెలుసుకోవడానికి. ఈ చిన్న ఏర్పాటులో పాత ఇంజనీర్ల వివేకం కనబడుతుంది. నాకు మా గురువులు ఈ పాఠం చెప్పిన రోజు ఇప్పటికీ జ్ఞాపకమే.

అయితే వారు కాపలా కాసింది ప్రమాదాన్ని. తీగ దానంతటదే తెగుతుంది, తుప్పు పడుతుంది, పిడుగు పడుతుంది. ఎవరో కావాలని పక్కన ఇంకో తీగ కలిపి 12 మిల్లీ ఆంపియర్లు పంపుతారని ఆ లెక్కలో లేదు. తరువాత వచ్చిన మాడ్‌బస్ భాష కూడా అంతే. 1979లో మోడికాన్ అనే కంపెనీ దానిని రూపొందించింది. నేటికీ చాలా ఫ్యాక్టరీ యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది అందులోనే. నువ్వెవరు అని అడిగే పద్ధతి ఆ భాషలో అసలే లేదు. ఫలానా గడిలో ఫలానా అంకె వ్రాయి అంటే వ్రాసేస్తుంది. ఒకే గదిలో నాలుగు యంత్రాలు ఉన్నంతకాలం దానివల్ల బాధ లేదు. ఆ తీగ చివర ఒక మోడెమ్ తగిలించి ప్రపంచానికి తలుపు తీసిన నాడు వచ్చింది చిక్కు.

2016లో అమెరికాలో జరిగింది చూడండి. మిరాయ్ అనే ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో ఉన్న కెమెరాలను, వీడియో రికార్డర్లను వెదకి, కంపెనీ వారు పెట్టి అమ్మిన అరవై చిల్లర పాస్‌వర్డులతో తలుపు తట్టేది. తెరుచుకున్న ప్రతి పరికరమూ దాని సైన్యంలో చేరేది. ఆ సైన్యం అక్టోబరు 21న డిన్ అనే సంస్థ మీద పడేసరికి పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఎన్నో గంటల తరబడి అందకుండా పోయినవి. ఆ ప్రోగ్రాము వ్రాసిన ముగ్గురూ యువకులే, ఒకడు విశ్వవిద్యాలయ విద్యార్థి. 2017లో నేరం ఒప్పుకున్నారు. అదే ఏడాది జులైలో మన బీఎస్ఎన్ఎల్ మోడెములు వేల సంఖ్యలో మూగబోయాయి. వాటి పాస్‌వర్డు మార్చకుండా అట్లాగే వదిలేశారు, అంతే. తాళం ఉన్నది, తాళంచెవి ప్రతి ఇంటి గడపకూ ఒకటే!

నా తప్పు

పక్క వాళ్ల తప్పులు చెప్పి ఊరుకుంటే మీరు నన్ను నమ్మనక్కరలేదు. నాదీ చెబుతాను.

మా మొదటి బోర్డులో నేను అంకెలను రహస్యలిపిలోనే పంపాను. దానికి కావలసిన పదహారు బైట్ల తాళంచెవిని ఫర్మ్‌వేర్‌లో వ్రాసి, అన్ని బోర్డులకూ అదే ప్రోగ్రాము ఎక్కించాను. పని సులువు గదా. వందకు పైగా బోర్డులు అట్లా గోడలెక్కినవి. మూడో సంవత్సరం ప్రాజెక్టు కోసం ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. ఊరికే కూర్చోకుండా ఏదైనా చూడమ్మా అని ఒక పాడైన బోర్డు చేతికిచ్చాను. నాలుగో రోజు సాయంత్రం, "సార్, మీ సర్వర్ ఒక్కసారి చూస్తారా?" అన్నది. చూస్తే ఒక ఫ్యాక్టరీ పేరు మీద పీహెచ్ 7.00 అని వరుసగా వస్తున్నది. ఆ ఫ్యాక్టరీలో ఆనాడు కరెంటే లేదు. పంపుతున్నది మా టేబుల్ మీది ఆమె ల్యాప్‌టాప్!

బోర్డు మీద పరీక్షల కోసం వదిలిన డీబగ్ పిన్నులున్నాయి. కొన్ని వందల రూపాయలకు దొరికే ప్రోగ్రామర్ తగిలించి ఆమె చిప్పులో ఉన్నదంతా చదివేసింది. అందులో నా తాళంచెవి ఎండలో ఆరబెట్టిన వడియంలాగ పడి ఉన్నది. చిప్పును చదవకుండా మూసే సదుపాయం అందులోనే ఉన్నది. తయారీదారు దానిని తెరిచి ఉంచి అమ్ముతాడు, మూయవలసింది మనం. నేను మూయలేదు. సిగ్గుపడ్డాను, ఆ తరువాత ఆమెకు ఉద్యోగమిచ్చాను.

మూస్తే మాత్రం సరిపోతుందా? సరిపోదు. మా పరికరాలకు ఇంకొక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఇంటి కెమెరాకు శత్రువు ఎక్కడో ఉంటాడు. మురుగునీటి మీటరు అబద్ధమాడితే లాభపడేది దానిని కొని, తన గోడకు తగిలించుకొని, తాళం గదిలో పెట్టుకున్న యజమానే. వారాల తరబడి పెట్టె ఆయన చేతిలోనే ఉంటుంది. తగినంత ఓపిక, పరికరాలు ఉంటే ఏ చిప్పునైనా ఎవరో ఒకరు తెరుస్తారనే అనుకోవాలి. అందువల్ల ఇప్పుడు ఒక్కొక్క బోర్డుకు ఒక్కొక్క తాళంచెవి. ఒకటి పగిలితే ఒకటే పోతుంది, మిగతా ఊరంతా భద్రం.

ప్రతి కొలతకు ఆ తాళంచెవితో ఒక ముద్ర వేసి పంపుతాం, పూర్వం ఉత్తరానికి లక్క ముద్ర వేసినట్టు. అంకె మారితే ముద్ర సరిపోదు. అయితే నిన్నటి మంచి ఉత్తరాన్నే ఇవాళ మళ్లీ పంపితే? ముద్ర సరిగానే ఉంటుంది గదా. అందుకని ప్రతి ఉత్తరానికి వరుస సంఖ్య ఉండాలి, వెనుకటి సంఖ్య వస్తే సర్వర్ తిరగ్గొట్టాలి. కరెంటు పోయినా ఆ సంఖ్య మరువకూడదు. ఇక్కడ ఒక చిక్కులెక్క ఉన్నది, సరదాగా చూడండి. చిప్పులోని ఫ్లాష్ జ్ఞాపకశక్తిని ఒకేచోట సుమారు 10 వేల సార్లు చెరిపి వ్రాయవచ్చునని చాలా చిప్పుల డేటాషీట్లు చెబుతాయి. నిమిషానికొకసారి సంఖ్య వ్రాస్తే రోజుకు 1,440. అంటే ఏడు రోజులలో ఆ చోటు అరిగిపోతుంది! ఉపాయమేమిటంటే, వేయి సంఖ్యలకు ఒకసారి మాత్రమే "ఇంతవరకు వాడుకుంటాను" అని ముందుగా వ్రాసి పెట్టుకోవడం. మధ్యలో కరెంటు పోతే, మిగిలినవి వదిలేసి తరువాతి వేయి నుంచి మొదలుపెట్టడం. సంఖ్యలకు కొదవ లేదు. ఏడు రోజులు ఏడు వేల రోజులైనవి.

ఇక పాత బోర్డులన్నిటికీ కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. దూరం నుంచి ఎక్కించే ఏర్పాటు నేను మొదట చేయలేదు. బండి మీద తిరిగాను, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, ఆరు వారాలు. ఇప్పటి బోర్డులలో ఫర్మ్‌వేర్‌కు రెండు గదులుంటాయి. ఒకదానిలో పాతది నడుస్తుండగా రెండో దానిలోకి కొత్తది దిగుతుంది. మా ముద్ర ఉంటేనే చిప్పు దానిని ఒప్పుకుంటుంది. ఎక్కిన తరువాత సర్వర్‌తో మాట్లాడలేకపోతే తిరిగి పాతదే లేస్తుంది. మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోయే బాధ ఇట్లా తప్పింది. మన వైపు కరెంటు సంగతి తెలిసిందే.

బకెట్టు

ఇంత చేసి తృప్తిగా ఉన్న రోజుల్లో ఒక ఫ్యాక్టరీ గ్రాఫు రాత్రి పది నుంచి తెల్లవారు అయిదు దాకా గీత గీసినట్టు 7.2 దగ్గర ఉండిపోయింది. తాళంచెవి ఎవరైనా కాజేశారేమోనని కంగారుగా వెళ్లాను. రాత్రి డ్యూటీ ఆపరేటరు, నాకన్న పెద్దవాడు, మెల్లగా నన్ను పక్కకు పిలిచి చూపించాడు. పీహెచ్ ప్రోబు కాలువలో లేదు. ప్లాస్టిక్ బకెట్టులో, మంచినీళ్లలో హాయిగా మునిగి ఉన్నది.

"సారూ, పెద్దోళ్లు చెప్పిన్రు, నేను పెట్టిన. నా పేరు రానియ్యకున్రి" అన్నాడు.

"నీ పేరెందుకొస్తదన్నా" అన్నాను గాని, వచ్చేది అతని పేరేనని ఇద్దరికీ తెలుసు.

మా ముద్రలు, సంఖ్యలు, తాళాలు అన్నీ నిక్షేపంగా పనిచేస్తూ, బకెట్టులోని అబద్ధాన్ని అతి భద్రంగా సర్వర్‌కు చేరవేశాయి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తరువాత ఆలోచిస్తే బకెట్టుకూ ఒక గుణం ఉన్నదని తోచింది. పారే మురుగునీటి కొలత ఎప్పుడూ కొంచెం వణుకుతుంది. బకెట్టు నీరు వణకదు, దాని ఉష్ణోగ్రత గది గాలినే అనుసరిస్తుంది. కాలువలో ప్రవాహం పెరిగినా పీహెచ్ కదలదు. ఈ మూడూ కలిస్తే బోర్డే "అనుమానాస్పదం" అని జెండా ఎత్తేట్టు వ్రాశాను. ఆ అనుమానం పరికరం పేరు మీద పోతుంది, మనిషి పేరు మీద కాదు. దీనితో బకెట్లు ఆగాయని చెప్పను. కొన్ని ఆగాయి.

అంతకన్న కష్టమైనది ఇంకొక సంగతి. ఒక పెద్ద ఆర్డరు ఇస్తామంటూ ఒకరు పిలిచారు. నీరు వదలడానికి పీహెచ్ 5.5 నుంచి 9 వరకు ఉండాలని నిబంధన. టీ ఇచ్చి, "5.5 కన్న తగ్గితే 5.6 చూపేట్టు ఒక క్యాలిబ్రేషన్ ఫ్యాక్టరు పెట్టండి, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క లైనే గదా" అన్నారు. నిజమే, ఒక్క లైనే. నాకు ఫోక్స్‌వాగన్ కథ జ్ఞాపకం వచ్చింది. ఆ కంపెనీ డీజిల్ కార్లలో పరీక్ష జరుగుతున్నదని ఇంజను పసిగట్టి, అప్పుడు మాత్రం పొగ తగ్గించేట్టు ప్రోగ్రాము వ్రాశారు. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడులు హద్దుకు నలభై రెట్ల దాకా వెలువడేవి. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వారు కార్లలో మీటరు పెట్టుకొని రోడ్ల మీద తిరిగి తేడా కనిపెట్టారు. 2015లో బయటపడింది, ప్రపంచమంతటా కోటీ పది లక్షల కార్లు. జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకు 2017లో 40 నెలల జైలు. ఆ లైను కూడా ఎవరో ఒక టేబుల్ దగ్గర కూర్చుని వ్రాసిందే గదా.

నేను వ్రాయనన్నాను. ఆర్డరు పోయింది. మా యజమాని రెండు నెలలు నాతో ముక్తసరిగా మాట్లాడాడు, జీతాలు ఆలస్యమైనవి. ఆ పని ఇంకెవరో చేసిపెట్టారని విన్నాను. ఇది మీకు నీతికథలాగ చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో మీకూ ఇట్లాంటి టీ ఎవరో ఇస్తారు, అంతే.

చదువు సంగతి

ఈ విద్యకు అవకాశాలున్నాయా అని అడుగుతున్నారు. ఉన్నాయి. 1967లో ఏ.ఎస్. రావు గారి సారథ్యంలో ఈసీఐఎల్ వెలిసిన నాటి నుంచి హైదరాబాదుకు ఎలక్ట్రానిక్స్ కొత్త కాదు. మన జిల్లాలోనే సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నది, కందిలో ఐఐటీ ఉన్నది. చట్టాలు కూడా బిగుస్తున్నాయి. సైబర్ సంఘటన జరిగితే ఆరు గంటలలో తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. పరికరాల భద్రత మీద ఐరోపా సమాఖ్య 2024లో చట్టమే చేసింది. ఈ పని తెలిసినవారు కావాలి.

సి భాష బాగా రావాలి. డేటాషీటు చివరి పేజీ దాకా చదివే ఓపిక కావాలి. ఆసిలోస్కోపు ముట్టుకోవడానికి భయపడవద్దు. లెక్చరర్లకు ఒక మనవి: లేబరేటరీ పరీక్షలలో "పనిచేసిందా?" అని మార్కులు వేస్తున్నారు. "ఎట్లా చెడగొట్టవచ్చు?" అనే దానికీ అయిదు మార్కులు కేటాయించండి.

ఈ వ్యాసంతోపాటు నా మొదటి రకం బోర్డు ఒకటి కాలేజీ ఎలక్ట్రానిక్స్ లేబరేటరీకి పంపిస్తున్నాను. పాత ఫర్మ్‌వేరే ఉన్నది, డీబగ్ పిన్నులు తెరిచే ఉన్నవి, పాత తాళంచెవి ఇప్పుడు ఎక్కడా చెల్లదు. ఆ అమ్మాయికి నాలుగు రోజులు పట్టింది.