నాయిన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి

స్కూల్ మొత్తం ఇంగ్లిష్ మీడియం కాబట్టి స్టాటిస్టిక్స్ గురించి తెలుగులో రాయడం నాకు ఇదే మొదటిసారి. టెక్నికల్ పదాల్ని అలాగే వదిలేశాను, సర్దుకోండి. రెండు గ్రూపుల్ని పోల్చే చాప్టర్‌ని మనలో చాలామంది ఫార్ములాలు బట్టీ కొట్టి దాటేశాం. నేనూ అంతే. అది నాకు సరిగ్గా అర్థమైంది మాత్రం సెలవులకి ఊరెళ్ళినప్పుడు.

మాది బొంరాస్‌పేట. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వికారాబాద్ జిల్లా. మా దగ్గర వానాకాలం అంటే ముందు గుర్తొచ్చేది కంది. మా పక్కనే ఉన్న తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మాకు మూడెకరాలుంది. ఒకరోజు అన్నం తింటూ నాయిన అడిగాడు:

"అవతలి చేన్ల కొత్త విత్తనం ఏసిన్రు. మనకంటే ఎకరాకు క్వింటా ఎక్కువ ఎల్లిందంట. మనం గూడ మార్చాల్నా? నీ సదువు ఏమంటది?"

ఒక్క చేను చూసి చెప్పలేం అన్నాను. అది విత్తనం వల్లా, నేల వల్లా, వాళ్ళు వేసిన ఎరువు వల్లా ఎట్లా తెలుస్తుంది? "మరి ఎట్ల తెలుస్తది?" అన్నాడు. అప్పుడు ల్యాప్‌టాప్ తీశాను.

మొదటి ప్రయత్నం

ఎనిమిది చేన్లు ఊహించుకున్నాను. ప్రతి చేనులో సగం పాత విత్తనం, సగం కొత్తది. దిగుబడి ఎకరాకు క్వింటాళ్ళలో. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే, ఎవరి పొలంవీ కావు.

1వ చేను: పాతది 4.0, కొత్తది 4.6
2వ చేను: పాతది 6.2, కొత్తది 6.5
3వ చేను: పాతది 3.1, కొత్తది 3.9
4వ చేను: పాతది 5.4, కొత్తది 5.3
5వ చేను: పాతది 4.8, కొత్తది 5.5
6వ చేను: పాతది 2.9, కొత్తది 3.1
7వ చేను: పాతది 5.9, కొత్తది 6.4
8వ చేను: పాతది 3.7, కొత్తది 4.7

పాతదాని సగటు 4.5, కొత్తదాని సగటు 5.0. తేడా అర క్వింటా. ఇప్పుడు నల్ హైపోథెసిస్ ఏంటంటే "రెండు విత్తనాలకీ నిజానికి తేడా లేదు, కనిపించేదంతా యాదృచ్ఛికం" అని. నాకు బాగా అలవాటైన రెండు గ్రూపుల టీ-టెస్ట్ కొట్టేశాను. పాతవి ఎనిమిది ఒక గ్రూపు, కొత్తవి ఎనిమిది ఇంకో గ్రూపు. స్టాండర్డ్ ఎర్రర్ 0.61 వచ్చింది. టీ విలువ 0.5ని 0.61తో భాగిస్తే 0.82. పీ-వాల్యూ 0.43 దగ్గర.

అంటే, నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా 100కి 43 సార్లు మామూలుగానే కనిపించొచ్చు. 0.05 కంటే చాలా ఎక్కువ. నేను ధీమాగా చెప్పేశాను: "తేడా లేదు నాయినా. మార్చకు."

ఇక్కడ నేను రెండు తప్పులు చేశాను.

మొదటి తప్పు

"తేడా ఉందని చెప్పలేం" వేరు, "తేడా లేదు" వేరు. ఇదే లెక్కకి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ వేస్తే మైనస్ 0.81 నుంచి 1.81 దాకా వస్తుంది. అంటే కొత్త విత్తనం వల్ల ఎకరాకు 80 కిలోలు నష్టపోవచ్చు, 180 కిలోలు లాభపడొచ్చు, ఈ డేటాకి రెండూ సమ్మతమే. ఇది "తేడా లేదు" అనే జవాబు కాదు, "నాకు తెలియదు" అనే జవాబు. పీ-వాల్యూ ఒక్కటే చూస్తే ఆ సంగతి కనపడదు. ఇంటర్వెల్ చూస్తే మన అజ్ఞానం ఎంత వెడల్పుందో కనిపిస్తుంది.

రెండో తప్పు

ఇది నాయిన పట్టుకున్నాడు. అంకెల్ని కాసేపు చూసి అన్నాడు: "నల్లరేగడిల పండిన దాన్ని చెల్కల పండిన దాంతోని కలుపుతవేందిరా? గా చేను వేరు, గీ చేను వేరు. ఏ చేనుకు ఆ చేనే సూడాలె."

నేను నోరు మూసుకున్నాను. ఎందుకంటే అదే పెయిర్డ్ టీ-టెస్ట్. నాయినకి పేరు తెలియదు, అంతే.

6వ చేనులో 2.9, 2వ చేనులో 6.2. చేనుకీ చేనుకీ మధ్య ఇంత పెద్ద తేడా నేల వల్ల వస్తోంది. గ్రూపులుగా కలిపేసరికి ఆ తేడా అంతా స్టాండర్డ్ ఎర్రర్‌లోకి దూరింది. విత్తనం తెచ్చిన అర క్వింటా దాని కింద మునిగిపోయింది. అదే చేనులో కొత్తది మైనస్ పాతది చేస్తే నేల రెండు వైపులా ఉంది కాబట్టి కొట్టుకుపోతుంది. మిగిలే తేడాలు ఇవి:

0.6, 0.3, 0.8, మైనస్ 0.1, 0.7, 0.2, 0.5, 1.0

సగటు మళ్ళీ 0.5నే. కానీ ఈ తేడాల స్టాండర్డ్ డీవియేషన్ 0.355 మాత్రమే. దాన్ని 8 వర్గమూలంతో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.125. టీ విలువ సుమారు 4. పీ-వాల్యూ 0.005 దగ్గర. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 7కి టేబుల్‌లో 2.365 ఉంటుంది, కాబట్టి ఇంటర్వెల్ 0.5కి అటూ ఇటూ 0.30. అంటే 0.20 నుంచి 0.80 దాకా.

అవే 16 అంకెలు. ఒక లెక్కలో "తెలియదు", ఇంకో లెక్కలో "తేడా ఉంది". ఏ అంకె ఏ చేనుది అన్న సమాచారాన్ని మొదటిసారి నేను చెత్తబుట్టలో పడేశాను. కంప్యూటర్ ఎర్రర్ ఏమీ చూపించలేదు. అది చూపించదు కూడా.

నాయిన అసలు ప్రశ్న

"తేడా ఉందా" అని కాదు, "మార్చాల్నా" అని. దానికి పీ-వాల్యూ జవాబు చెప్పదు, ఇంటర్వెల్ చెప్తుంది. 2025-26కి కందికి మద్దతు ధర క్వింటాకు 8,000 రూపాయలు. 0.20 క్వింటా అంటే 1,600, 0.80 అంటే 6,400. కొత్త విత్తనానికి ఎకరాకు అదనంగా అయ్యే ఖర్చు 1,600 లోపు ఉంటే కింది కొస దగ్గర కూడా నష్టం లేదు. 3,000 అయితే ఆలోచించాలి. 7,000 అయితే పీ-వాల్యూ ఎంత చిన్నగా ఉన్నా మార్చకూడదు. "సిగ్నిఫికెంట్" అంటే "ముఖ్యమైనది" అని అర్థం కాదని నాకు అప్పుడు తలకెక్కింది.

ఒక జాగ్రత్త. 95 శాతం అంటే "నిజమైన తేడా ఈ రెండంకెల మధ్య ఉండే అవకాశం 95 శాతం" అని రాస్తే వైవాలో పట్టుకుంటారు. ఇదే ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ చేసి ప్రతిసారీ ఇంటర్వెల్ కడితే, వాటిలో 100కి 95 నిజమైన తేడాని పట్టుకుంటాయి. భరోసా పద్ధతి మీద, ఈ ఒక్క ఇంటర్వెల్ మీద కాదు.

ఇదంతా పొలాల్లోనే పుట్టింది

టీ-టెస్ట్ కనిపెట్టిన గాసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ లాంటి వాటి మీద చిన్న చిన్న శాంపిళ్ళతో తంటాలు పడుతూ 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో ఆ పేపర్ అచ్చేశాడు. ఏ ముక్కకి ఏ విత్తనం అనేది లాటరీ వేసినట్టు నిర్ణయించాలని పట్టుబట్టిన ఫిషర్, రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశాడు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన మన సి.ఆర్.రావు ఆ ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ సిద్ధాంతాన్ని 1937లో నేమన్ పూర్తిగా రాశాడు. మనం ఏసీ ల్యాబ్‌లో నేర్చుకునే చాప్టర్‌కి మట్టి వాసన ఉందన్నమాట.

చివరికి ఏం చేశాం

నా అంకెలు ఊహించినవి కాబట్టి వాటితో నిర్ణయం తీసుకోలేం. అందుకని మూడెకరాల్ని ఆరు అరెకరం ముక్కలు చేశాం. ప్రతి ముక్కలో సగం పాతది, సగం కొత్తది. ఏ సగానికి ఏది అన్నది రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చాం. వొడ్డు పక్కన మంచి నేల చూసి కొత్త విత్తనం వేద్దామని నాయిన అన్నాడు, వద్దన్నాను. ఈ ఒక్కసారి నా మాట నెగ్గింది. ఎరువు, కలుపు, మందు రెండింటికీ ఒకటే. కోశాక ఏ సగానికి ఆ సగం వేరుగా తూకం వేయాలి.

ఆరు జతలంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 5, టేబుల్‌లో 2.571. ఇంటర్వెల్ కొంచెం వెడల్పుగానే రావచ్చు. పైగా ఇది ఒక్క ఏడాది వాన, ఒక్క మా పొలం. మండలం మొత్తానికి చెప్పడానికి పనికిరాదు, మా మూడెకరాలకి పనికొస్తుంది. నాయిన అడిగింది కూడా దాని గురించే.

మీరు కూడా టెస్ట్ రన్ చేసే ముందు ఒక్కసారి ఆగి అడగండి: నా అంకెల్లో ఏది దేనికి జత? ఆ ఒక్క ప్రశ్న నేను ముందే అడిగి ఉంటే, నాయినకి అంత ధీమాగా తప్పు చెప్పేవాణ్ణి కాదు.