భూమి కొనుటకు ముందు

“రిజిస్టరు అయినది గదా, ఇంక భయమేమి?” అను మాట గ్రామములలో తరచుగా వినబడుచుండును. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము ననుసరించి సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయును. వ్రాసి యిచ్చినవాడు తానే వ్రాసి యిచ్చితినని ఒప్పుకొన్నట్లు దానివలన తెలియును. కాని ఆ భూమిని అమ్ముటకు అతనికి హక్కు గలదా అను ప్రశ్నకు ఆ ముద్ర సమాధానము కాదు. తనకు లేని హక్కును ఎవడును ఇతరున కీయజాలడు. కావున ఆ భూమి అమ్మువానికి ఎవరినుండి వచ్చినది, వారికి ఎవరినుండి వచ్చినది అని వెనుకకు నడచి, కనీసము ముప్పది యేండ్ల లింకు దస్తావేజులను చూచుట మంచిది.

ఒక రైతు రెండెకరముల మెట్ట కొనదలచినాడనుకొందము. తండ్రి 1998లో మరణించగా భూమి తనపేర మారినదని అమ్మువాడు పట్టాదారు పాసుపుస్తకము చూపును. ఈ.సి.లో తాకట్టు కనబడదు. అంతయు సవ్యముగనే యున్నట్లు తోచును. అడుగవలసిన ప్రశ్న ఇచ్చటనే యున్నది: ఆ తండ్రికి సంతానమెందరు? ఆయన వీలునామా వ్రాసెనా? హిందువు వీలునామా లేక మరణించినచో, 1956 నాటి వారసత్వ చట్టము ప్రకారము అతని స్వార్జితమునందు కుమారునితోపాటు భార్యకును, కుమార్తెలకును, తల్లి జీవించియున్న ఆమెకును సమాన భాగము గలదు. పిత్రార్జితమునందును కుమార్తెలకు హక్కు గలదు; ఆంధ్రప్రదేశ్‌లో అవివాహితలకు 1986 నాటి చట్టమే దానిని కల్పించినది, 2005 సవరణ దేశమంతటికి విస్తరింపజేసినది. పాసుపుస్తకములో అన్నపేరు ఎక్కినంతమాత్రమున చెల్లెలి వాటా పోదు. “అత్తవారింట నున్నది, ఆమె ఏమడుగును?” అను ధీమా న్యాయస్థానమున నిలువదు. ఆమె దావా వేయునాటికి అమ్మినవాడు సొమ్ము ఖర్చుచేసికొని యుండును. బోరు వేయించి, గట్లు పోయించి, అప్పు తీర్చుచున్నవాడు కొన్న రైతే.

ఈ.సి.ని గురించియు ఒక మాట. అది రిజిస్టరయిన వ్యవహారములనే, అదియు మనము కోరిన కాలమునకే చూపును. నోటిమాటగా జరిగిన పంపకము, రిజిస్టరు కాని వీలునామా అందు కానరావు. కంప్యూటరులో లభించు వివరములు సాధారణముగా 1983 నుండియే గనుక, అంతకు పూర్వపు వానిని కార్యాలయమున వెదకించుకొనవలెను. గ్రామము మధ్యలో వేరొక సబ్ రిజిస్ట్రారు పరిధిలోనికి మారియుండినచో రెండు చోట్లను వెదకింపవలెను. అసలు దస్తావేజులను కన్నులార చూడవలెను. నకళ్ళు మాత్రమే చూపినచో అసళ్ళు బ్యాంకులో కుదువ నుండవచ్చును.

తెలంగాణ ప్రాంతమున 1954-55 ఖాస్రా పహాణీని, కోస్తా, రాయలసీమలలో రీసెటిల్‌మెంటు రిజిస్టరును సరిచూచినచో, ఆ సర్వే నంబరు మొదట పట్టాభూమియో, ప్రభుత్వ భూమియో తెలియును. ప్రభుత్వము పేదల కిచ్చిన డి-పట్టా భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది. ఆంధ్రప్రదేశ్‌లో పిమ్మట కొన్నిటికి సడలింపు వచ్చినందున, తహసీల్దారు కార్యాలయమున విచారింపక బయానా ఈయరాదు.

మన రైతు విషయమున చేయవలసినది కష్టమేమియు కాదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రము తెప్పించుకొని, తల్లిచేతను, తోబుట్టువులందరిచేతను విక్రయ దస్తావేజుపై సంతకములు చేయింపవలెను. లేదా వారు తమ వాటాలను వదలుకొన్న రిజిస్టరు దస్తావేజును ముందుగా కోరవలెను. అటుపిమ్మట సరిహద్దు రైతులను వెంటబెట్టుకొని పొలము చుట్టివచ్చి, చెక్కుబందీ సరిచూచుకొనవలెను.