బడి గోడ మీది పట్టిక

పాఠ్యభాగ ఉద్దేశం

పాఠశాల పాఠాలు చెప్పే చోటు మాత్రమే కాదు. పలు కుటుంబాలను ఒక చోట కలిపే సామాజిక సంస్థ కూడా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలోని కతోలిక ప్రాథమిక పాఠశాలల సామూహిక జీవనాన్ని ఆధారంగా చేసుకుని, ఆ కలయిక ఎప్పుడు సార్థకమవుతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఏ ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినా ప్రధానోపాధ్యాయుల గది పక్కన గోడ మీద ఒక నల్లబల్ల కనిపిస్తుంది. దాని మీద సుద్దముక్కతో రాసిన పట్టిక ఉంటుంది. రాబోయే శనివారం తల్లిదండ్రుల సమావేశం, ఆ మరుసటి వారం ఆటల పోటీలు, నెలాఖరున పరీక్షలు, ఆపైన పండుగ సెలవులు. పెద్దలకు అది సాధారణమైన ప్రకటన. ఆరేళ్ళ పిల్లవాడికి మాత్రం అది భవిష్యత్తును చూపే కిటికీ. రేపు ఏదో జరగబోతున్నదనే ఉత్సాహమే వాడిని ఉదయాన్నే బడికి నడిపిస్తుంది. ఆ పట్టికలో తన ఇంటివారికి కూడా చోటున్నదని తెలిసిన నాడు ఆ బడి వాడికి తన బడి అవుతుంది.

ఓరుగల్లు ప్రాంతంలో ఇటువంటి బడుల వెనుక ఒక చరిత్ర ఉంది. తెలంగాణలో కతోలిక విద్యాసేవ పందొమ్మిదవ శతాబ్దంలో హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలలో వేళ్ళూనుకుంది. ఇటలీ నుండి వచ్చిన సెయింట్ ఆన్స్ సభ సిస్టర్లు 1871లో సికింద్రాబాదులో అడుగుపెట్టారు. 1952 డిసెంబరులో హైదరాబాదు మేత్రాసనం నుండి వేరుపడి వరంగల్ మేత్రాసనం ఏర్పడింది. మిలాను నగరంలో 1850లో పుట్టిన పీమే సంస్థకు చెందిన అల్ఫోన్సో బెరెట్టా దానికి తొలి మేత్రాణులు. 1955లో గాబ్రియేల్ సభ బ్రదర్లు కాజీపేటలో సెయింట్ గాబ్రియేల్ ఉన్నత పాఠశాలను ప్రారంభించారు. 1988లో ఖమ్మం ప్రత్యేక మేత్రాసనమైంది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విభజనతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు అవతరించాయి.

ఈ ప్రాంతంలో క్రైస్తవ సేవ కతోలికులకే పరిమితమైనది కాదు. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ కేంద్రంగా ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య 1912 నుండి పనిచేశారు. 1939లో ప్రతిష్ఠితమైన అక్కడి దేవాలయంలో ఆలయ స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల పోకడ ఒక్కచోట కనిపిస్తాయి. పరాయి దేశం నుండి వచ్చిన విశ్వాసమైనా ఈ నేల రూపురేఖలను ధరించగలదని ఆ కట్టడం చాటుతుంది. బడి విషయంలోనూ ఈ మాట వర్తిస్తుంది.

ఈ మూడు జిల్లాల బతుకు ఒక్క తీరుగా ఉండదు. జనగామ వైపు పాలకుర్తి సోమనాథుని, బమ్మెర పోతనను కన్న పల్లెలు, కంచు ఇత్తడి పనికి పేరుగాంచిన పెంబర్తి ఉన్నాయి. మహబూబాబాద్ వైపు లంబాడీ తండాలు, మిరప చేలు విస్తారం. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనుల కార్మికుల కాలనీలు ఉన్నాయి. రైతు బిడ్డ, గని కార్మికుని కొడుకు, ఇంట్లో గోర్ బోలి మాట్లాడే తండా పిల్ల ఒకే బల్ల మీద కూర్చునే బడిలో సామూహిక జీవనం అనేది పుస్తకంలోని మాట కాదు. ప్రతి ఉదయం ఎదురయ్యే అనుభవం.

అటువంటి బడి ఏడాదిని ఒకసారి గమనిద్దాం. జూన్ రెండవ వారంలో బడి తెరుచుకుంటుంది. ఆగస్టు 15న జెండా పండుగ. సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ జయంతి సందర్భంగా గురుపూజోత్సవం. 1997లో మదర్ తెరెసా కన్నుమూసినదీ అదే తేదీన కనుక కతోలిక బడులకు ఆ రోజు రెండు విధాల స్మరణీయం. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ఆపై బతుకమ్మ తొమ్మిది రోజులు. సెలవులకు ముందు రోజు ఆడపిల్లలు తంగేడు, గునుగు పూలు తెచ్చి బడి ఆవరణలోనే బతుకమ్మ పేర్చి ఆడుకోవడం ఈ ప్రాంతంలో పరిపాటి. నవంబరు 14న బాలల దినోత్సవం. డిసెంబరులో పశువుల పాక, వెదురు బద్దలతో చేసిన నక్షత్రం, క్రిస్మస్ పాటలు. గణతంత్ర దినోత్సవం తరువాత ఆటలు, వార్షికోత్సవం. ఏప్రిల్‌లో పరీక్షలు, ఎండలు, వీడ్కోలు.

ఈ పట్టికలో విచారణ గురువులు జరిపే పూజ ఉంటుంది, బతుకమ్మా ఉంటుంది. ఇది కేవలం మర్యాద కాదు. దీనికి రాజ్యాంగబలం ఉంది. 30వ అధికరణం అల్పసంఖ్యాక వర్గాలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే విద్యాసంస్థలో ఎవరినీ వారి సమ్మతి లేకుండా, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మతబోధనలో గాని ప్రార్థనలో గాని పాల్గొనేలా చేయరాదని 28వ అధికరణం చెబుతుంది. మొదటిది సంస్థకు రక్ష. రెండవది పిల్లవాడి అంతరాత్మకు రక్ష. రెండూ కలిసి నడిచిన చోటనే క్రిస్మస్ పాట పిల్లలందరి ఆనందమవుతుంది.

తల్లిదండ్రులే బిడ్డలకు తొలి గురువులని 1965లో రెండవ వాటికన్ మహాసభ విద్యపై వెలువరించిన ప్రకటన స్పష్టం చేసింది. అమెరికాలో 1974 నుండి ఏటా జనవరి చివరి వారంలో కతోలిక పాఠశాలల వారోత్సవం జరుపుతారు. ఆ వారం కుటుంబాలకు, ఊరివారికి బడి తలుపులు తెరిచి ఉంచుతారు. అయితే తలుపు తెరిచినంత మాత్రాన అందరూ లోపలికి రాగలరా? ఈ ప్రశ్నను మనం మన ఊరి వెలుగులో వేసుకోవాలి.

మహబూబాబాద్ సమీపంలో ఒక కూలి కుటుంబాన్ని ఊహించుకుందాం. మూడవ తరగతి చదివే కూతురు వార్షికోత్సవ ఆహ్వానం ఇంటికి తెచ్చింది. అది ఆంగ్లంలో ఉంది.

"ఏం రాసిన్రు బిడ్డా ఇందుల?" అని అడిగింది తల్లి.

"నాకు మంచిగ సమజ్ కాలేదమ్మా. నువ్వు రావాలెనని మాత్రం టీచర్ చెప్పింది."

"బడికి పోయే నీకే సమజ్ కాకపోతే నాకెట్ల తెలుస్తది? నన్ను పిలిచినట్టా, పిలవనట్టా?"

ఆ తల్లి మాటలో నిష్ఠూరం లేదు. న్యాయమైన సందేహం ఉంది. చదువరాని భాషలో వచ్చిన పిలుపు పిలుపు కాజాలదు. ఆహ్వానంలో నాట్యానికి కొత్త దుస్తులు కొనాలని ఉంటే సందేహం భారమవుతుంది. ఉత్సవం మిరపకాయ ఏరే రోజులలో పగటి పూట ఉంటే, బిడ్డ ఆట చూడడానికి ఆమె ఒక రోజు కూలిని వదులుకోవాలి. చివరికి ఆమె రాదు. వేదిక మీది బిడ్డ జనంలో తల్లి ముఖం కోసం వెదుకుతూ అడుగు తప్పుతుంది. తల్లికి శ్రద్ధ లేదని మనం తేలికగా అనేస్తాం. తప్పు ఆమె శ్రద్ధలో లేదు, పట్టిక వేసిన తీరులో ఉంది.

దీనికి పరిష్కారం ఖర్చుతో కూడినది కాదు. ఆహ్వానం తెలుగులో రాయవచ్చు. తండా పిల్లల చేత వారి ఇంటి భాషలో చెప్పి పంపవచ్చు. ఉత్సవాన్ని కూలి పనులు ముగిసిన సాయంకాలానికి మార్చవచ్చు. దుస్తులకు బదులు ఇంట్లో ఉన్న చీర, పంచె చాలని ముందే ప్రకటించవచ్చు. వేదిక మీద చురుకైన నలుగురే కాక తరగతిలోని ప్రతి బిడ్డా ఒక్కసారైనా నిలబడేలా చూడవచ్చు.

బడి కలయిక విలువ ఎంతటిదో 2020లో అందరికీ తెలిసివచ్చింది. కరోనా మహమ్మారి వలన ఆ ఏడాది మార్చిలో తెలంగాణ బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమైనా అవి మూడవ తరగతి నుండి పైవారికే. ప్రాథమిక తరగతుల పిల్లలు తిరిగి బడిలో అడుగుపెట్టింది 2021 సెప్టెంబరు 1న. అంటే 2020 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ ఆ ఏడాదంతా తన తరగతి గదిని చూడకుండానే రెండవ తరగతికి వెళ్ళింది. పాఠం తెర మీద దొరికిన వారికి కూడా పక్కన కూర్చునే స్నేహితుడు, పంచుకునే సద్ది, గంట మోగగానే పెట్టే పరుగు దొరకలేదు. నల్లబల్ల మీది పాత తేదీలు చెరిపేవారు లేక అలాగే నిలిచిపోయాయి.

నేడు ఆ బల్ల మీద మళ్ళీ కొత్త తేదీలు కనిపిస్తున్నాయి. విద్యార్థులారా! మీలో చాలామంది ఇటువంటి ప్రాథమిక బడుల నుండే కళాశాలకు వచ్చారు. ఈసారి మీ ఊరి బడి ముందు నుండి వెళ్ళేటప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆ పట్టికను చదవండి. అది ఎవరికి అర్థమయ్యే భాషలో ఉన్నదో, ఎవరికి వీలైన వేళలో ఉన్నదో గమనించండి. చదవలేని తల్లి ఎవరైనా పక్కన నిలబడి ఉంటే ఆమెకు చదివి వినిపించండి. ఆ పూట ఆ బడికి మీరు చేయగల సేవ అదే.

అభ్యాసం

అర్థాలు
మేత్రాసనం = ఒక మేత్రాణుల పాలనలోని కతోలిక మత ప్రాంతం
విచారణ = ఒక గురువు బాధ్యతలో ఉండే స్థానిక కతోలిక సంఘం
నిష్ఠూరం = నొప్పించే మాట

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వరంగల్ ప్రాంతంలో కతోలిక విద్యాసేవ ఎలా విస్తరించిందో వివరించండి.
2. "తప్పు ఆమె శ్రద్ధలో లేదు, పట్టిక వేసిన తీరులో ఉంది." ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. రాజ్యాంగంలోని 28, 30 అధికరణాలు బడికి, బిడ్డకు ఎలా రక్షణ కల్పిస్తున్నాయి?
2. 2020-21లో చిన్నపిల్లలు కోల్పోయినవి ఏవి?

III. సంధులు విడదీసి పేర్కొనండి
దేవాలయం, వార్షికోత్సవం, ప్రత్యేకం

IV. విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి
తల్లిదండ్రులు, తొమ్మిది రోజులు

V. భాషాకృత్యం
మీ ఊరి ప్రాథమిక పాఠశాల వార్షికోత్సవానికి, చదువు అంతగా రానివారికి కూడా అర్థమయ్యేలా ఐదు వాక్యాలలో తెలుగు ఆహ్వానం రాయండి.