ఎర్ర పైపు బట్టల దండెం కాదు

అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకునే పిల్లలకు, పంజగుట్ట నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో రోగికి తోడుగా ఉండే బంధువులకు ఒకటే ఇబ్బంది. ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేయాలి? సంచి ఎక్కడ తగిలించాలి? తలెత్తితే కొన్ని భవనాల్లో పైకప్పు కింద ఎర్ర పైపు కనిపిస్తుంది. చెయ్యి అటే పోతుంది. అక్కడ ఏదీ ఎందుకు వేలాడదీయకూడదో ఈ పాఠంలో తెలుసుకుందాం.

అది ఎలా పనిచేస్తుంది?

ఆ పైపులో సాధారణంగా ఎప్పుడూ ఒత్తిడితో నీరు నిండి ఉంటుంది. దానికి అక్కడక్కడ స్ప్రింక్లర్లు బిగిస్తారు. చాలా రకాల్లో, రంగు ద్రవం నింపిన సన్నని గాజు గొట్టం నీటిని ఆపి ఉంచుతుంది. ఎర్ర ద్రవం ఉన్న గొట్టం 68 డిగ్రీల సెల్సియస్ వేడికి పగిలి, నీరు గొడుగులా చిమ్ముతుంది. సినిమాల్లో చూపినట్లు అన్నీ ఒకేసారి తెరుచుకోవు. వేడి తగిలినదే తెరుచుకుంటుంది.

వేలాడదీస్తే ఏమవుతుంది?

1. పైపును పట్టి ఉంచే బిగింపులు మన సామాను మోయడానికి పెట్టినవి కావు. “ఇనుప పైపే కదా” అనుకుంటాం. కానీ రోజూ లాగుతుంటే అవి వదులై, అతుకుల దగ్గర నీరు కారవచ్చు.

2. హ్యాంగర్ తగిలి గాజు గొట్టం పగిలితే, మంట లేకుండానే నిమిషానికి సుమారు 80 లీటర్ల నీరు మంచాల మీద, కరెంటు పరికరాల మీద పడుతుంది. మరమ్మతు కోసం నీరు కట్టేస్తే, అంతవరకు అక్కడివారికి ఆ రక్షణ ఉండదు.

3. చీర, దుప్పటి అడ్డుగా ఉంటే వేడి స్ప్రింక్లరుకు ఆలస్యంగా చేరుతుంది, నీరు మంట మీద సరిగా పడదు. అందుకే దాని కింద కనీసం 18 అంగుళాలు, అంటే ఒక మూరెడు ఖాళీ ఉంచాలంటారు.

మంటకన్నా ముందు పొగ

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఒక ఆసుపత్రి నేలమాళిగలో మంట పుట్టింది. పొగ పై అంతస్తుల వార్డులకు చేరి దాదాపు 90 మంది మరణించారు. మంచం దిగలేని రోగి పరుగెత్తలేడు. మంట చిన్నగా ఉండగానే అణిచే స్ప్రింక్లరు అలాంటివారికి ఎంతో అవసరం.

మనం చేయవలసినవి

• బట్టలకు స్టాండు, సెలైన్ సీసాకు దాని స్టాండే వాడండి.
• దోమతెర తాళ్లు, పండగ తోరణాలు, నక్షత్రాలు, బెలూన్లు పైపుకు కట్టవద్దు.
• స్ప్రింక్లరుకు రంగు వేయవద్దు, కాగితం చుట్టవద్దు.
• నీరు కారుతుంటే మీరు బిగించవద్దు. సిబ్బందికి వెంటనే చెప్పండి.
• మంట కనిపిస్తే అందరినీ హెచ్చరించి, బయటపడి, 101కు ఫోన్ చేయండి.

హాస్టల్ నిర్వాహకులకు ఒక మాట. బట్టలు ఆరేయడానికి వేరే చోటు చూపకుండా “కట్టవద్దు” అని బోర్డు పెడితే ఎవరూ వినరు. మేడ మీద నాలుగు తీగలు కట్టించండి. ఈ రాత్రి పడుకునేముందు మీరూ ఒకసారి తలెత్తి చూడండి. పైపుకు ఏదైనా వేలాడుతుంటే సిబ్బందికి చెప్పి జాగ్రత్తగా తీయించండి.