బుద్ధిని ముందే నిలబెట్టుకో

చిన్నబాబూ,

నువ్వు రాత్రి పంపిన పెద్ద మెసేజ్ చదివాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

నువ్వడిగింది ఒకటే. గీత చదివాను, కోపం చెడ్డదని తెలుసు, అయినా మా ఆఫీసులో ఆయన పేరు ఫోన్‌లో కనబడగానే ఒళ్లు మండిపోతుంది, తెలిసీ ఎందుకు ఆగలేకపోతున్నాను పెదనాన్నా అన్నావు. నాయనా, ఇది అర్జునుడు వేసిన ప్రశ్నే. తనకు ఇష్టం లేకపోయినా, ఎవరో వెనకనుంచి నెట్టినట్టు మనిషి తప్పు ఎందుకు చేస్తాడని మూడో అధ్యాయం 36వ శ్లోకంలో అడిగాడు. కామం, క్రోధం అని కృష్ణుడు జవాబు చెప్పాడు. చాలామంది అక్కడ ఆగిపోతారు. నువ్వు 40వ శ్లోకం దాకా వెళ్లు. ఆ శత్రువు ఎక్కడెక్కడ ఉంటాడో అక్కడ చెప్పాడు: ఇంద్రియాల్లో, మనసులో, బుద్ధిలో. ఆ మూడో చోటు దగ్గర కాసేపు ఆగు. మనసును అదుపులో పెట్టమని ఎవరిని పంపుతామో, ఆ బుద్ధిలోనే శత్రువు మకాం వేసి ఉండొచ్చు. నీ ఇబ్బందికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మనసు పరుగెత్తడం దాని స్వభావం, దాన్ని నిందించి లాభం లేదు. బుద్ధి ఆలస్యంగా రావడం, వచ్చాక కూడా మనసు పక్షానే చేరిపోవడం, అసలు చిక్కు అదీ.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం నీకు తెలిసిందే. శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, బుద్ధి సారథి. ఉపన్యాసాల్లో మనసును గుర్రం అనేస్తుంటారు. ఉపనిషత్తు అలా అనలేదు, మనసును పగ్గాలన్నది. పగ్గాలు తమంతట తాము ఎటూ పోవు. సారథి పట్టుకుంటే బండి అతను చెప్పినట్టు నడుస్తుంది, వదిలేస్తే గుర్రాలు లాక్కుపోతాయి. "నా మనసు నా మాట వినడంలేదు" అని నువ్వు రాసిన వాక్యం చదివినప్పుడు, పగ్గాల మీద ఫిర్యాదు చేస్తున్న సారథి కనబడ్డాడు నాకు.

సారథికి దారి తెలిసినా చాలదని భారతం చూపిస్తుంది. ఉద్యోగపర్వంలో ధృతరాష్ట్రుడికి నిద్రపట్టని రాత్రి ఒకటుంది. సంజయుడు పాండవుల దగ్గర్నుంచి వచ్చాడు, వాళ్లేమన్నారో రేపు సభలో చెబుతానని వెళ్లిపోయాడు. రాజు గుండె కొట్టుకుంటోంది. విదురుణ్ణి పిలిపించి మంచి మాటలు చెప్పించుకున్నాడు. మనం విదురనీతి అని చదువుకునేదంతా ఆ రాత్రి మాటలే. అన్నీ విని చివర ధృతరాష్ట్రుడు ఏమన్నాడో గమనించు. నువ్వు చెప్పింది నిజమే, నా బుద్ధి కూడా పాండవుల వైపే మొగ్గుతోంది, కానీ దుర్యోధనుడు ఎదుట పడగానే అది మళ్లీ తిరిగిపోతుంది అన్నాడు. ఆ వెంటనే దైవం బలీయమనీ మనిషి ప్రయత్నం వ్యర్థమనీ ఒక సిద్ధాంతం కూడా చెప్పాడు. ఆయనకు జ్ఞానం తక్కువ కాలేదు, చెప్పేవాడూ తక్కువ కాలేదు. న్యాయం చెప్పవలసిన బుద్ధి, కొడుకు మీద మమకారానికి వకీలుగా మారిపోయింది. ఎంత తెలివైన వాడికి అంత గొప్ప వకీలు దొరుకుతాడు. నువ్వు తెలివైనవాడివి కాబట్టే ఇది నీకు మరీ మరీ చెబుతున్నాను.

నీ సంగతే తీసుకో. రాత్రి పడుకోబోతూ ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టబోయి ఒకసారి మెయిల్ చూశావు. నువ్వు చేసిన పని ఇంకొకరి పేరు మీద వెళ్లింది. మొదట వచ్చింది చిన్న ఆలోచనే, "ఇలా రాశారేమిటి" అని. దాన్ని అక్కడ వదలకుండా మెయిల్ మళ్లీ చదివావు. పోయినేడాది ఇంక్రిమెంట్ గుర్తొచ్చింది. ఆయన మీటింగ్‌లో నవ్విన నవ్వు గుర్తొచ్చింది. లేచి కూర్చుని జవాబు టైపు చేశావు, బొటనవేలు సెండ్ మీద ఆగి ఉంది. అప్పుడు గీత గుర్తుచేసుకోబోయావు. అప్పుడెలా గుర్తొస్తుంది నాయనా? రెండో అధ్యాయం 62, 63 శ్లోకాలు తీసి వరస చూడు. విషయాన్ని తలపోయడం, దానితో అంటు, కోరిక, కోపం, మోహం, స్మృతి చెదరడం, ఆపైన బుద్ధి నశించడం. కోపం నాలుగోది. అక్కడినుంచి బుద్ధి పోవడానికి ఇంకెంతో దూరం లేదు. నువ్వు బుద్ధిని పిలుస్తున్నది ఆ చివర దగ్గర. పిలవవలసిన చోటు మొదటిది. మెయిల్ రెండోసారి తెరవబోయిన ఆ క్షణం.

ఆ క్షణంలో కొత్తగా వాదించే బలం ఎవరికీ ఉండదు. అందుకే నిశ్చయం ముందే అయిపోయి ఉండాలి. వివేకచూడామణిలో అంతఃకరణాన్ని పని బట్టి విడదీసి చెబుతారు: ఇదా అదా అని ఊగేది మనసు, ఇది ఇంతే అని తేల్చేది బుద్ధి. తేల్చడం ప్రశాంతంగా ఉన్నప్పుడు చెయ్యవలసిన పని. పొద్దున్నే స్నానం చేసి కూర్చున్నప్పుడు తేల్చుకో: భోజనమయ్యాక ఆఫీసు మెయిల్ చూడను, కోపంతో రాసిన జవాబు ఆ రాత్రి పంపను. ఇంత చిన్నవి చాలు. రాత్రి మనసు గొడవ చేసినప్పుడు నువ్వు దానితో చర్చకు దిగనక్కర్లేదు, పొద్దున తేలిపోయిందని చెబితే సరి. ఆరో అధ్యాయంలో కృష్ణుడు బుద్ధికి ధృతిని జోడించి చెప్పింది ఇందుకే. తేల్చినదాన్ని గట్టిగా పట్టుకునేది ధృతి.

ఇక బుద్ధి వకీలు కాకుండా నిజంగా న్యాయం చెబితే ఎలా ఉంటుందో చూడాలంటే భాగవతం పదకొండో స్కంధంలో 23వ అధ్యాయం చదువు. తెలుగు భాగవతంలో ఆ స్కంధం పోతనగారిది కాదు, వెలిగందల నారయ రాసినది, చాలా క్లుప్తంగా ఉంటుంది. అందుకని సంస్కృత మూలమే తాత్పర్యంతో చదువుకో. అవంతీ దేశంలో ఒక ధనికుడైన బ్రాహ్మణుడు, పరమ లోభి. కాలం తిరగబడి ఉన్నదంతా పోయింది, అయినవాళ్లు మొహం చాటేశారు. ఆయన భిక్షువై ఊళ్లు తిరుగుతుంటే జనం ఆటపట్టించారు. దండం, పాత్ర లాక్కునేవారు, ఇచ్చినట్టే ఇచ్చి మళ్లీ లాక్కునేవారు. నది ఒడ్డున అన్నం తింటుంటే ఆ అన్నాన్నే అపవిత్రం చేసేవారు, నెత్తిన ఉమ్మేవారు. మౌనంగా ఉంటే మాట్లాడమని కొట్టేవారు. దొంగవని తాళ్లతో కట్టేసేవారు.

ఆయన "పోనీలే" అని ఊరుకోలేదు. నా దుఃఖానికి కారణం ఎవరు అని విచారణకు కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ బోను ఎక్కించాడు: ఈ జనమా? దేవతలా? ఆత్మా? గ్రహాలా? కర్మా? కాలమా? మనుషులంటావా, నా పళ్లే నా నాలుకను కొరికితే ఎవరి మీద కోపగించను అన్నాడు. గ్రహాలంటావా, వాటి ప్రభావం పుట్టిన శరీరానికి గానీ నాకు కాదు. కాలమంటావా, అది నాకు వేరు కాదు; మంటకు వేడి తగులుతుందా, మంచుకు చలి వేస్తుందా? ఇలా అందరినీ విడుదల చేసి, సుఖదుఃఖాల చక్రాన్ని తిప్పేది మనసొక్కటే అని తేల్చాడు. అంత బాధలో ఒక్కొక్క సాక్షినీ ఓపికగా విన్న ఆ బుద్ధికి నేను నమస్కరిస్తాను. కృష్ణుడు ఉద్ధవుడికి ఈ కథ చెప్పి, బుద్ధితో మనసును నిగ్రహించు, యోగసారం ఇదే అన్నాడు.

దీన్ని చూసి అన్యాయాన్ని భరించమంటున్నాననుకోకు. భిక్షువు సన్యాసి, నువ్వు గృహస్థువి. అర్జునుణ్ణి కూడా కృష్ణుడు యుద్ధం మానమనలేదు, జ్వరం వదిలి యుద్ధం చెయ్యమన్నాడు. నీ పని నీ పేరు మీద ఉండాలని అడగడం నీ హక్కు. పగలు, పై అధికారికి, తేదీలతో సహా, నాలుగు వాక్యాల్లో రాయి. రాస్తున్నప్పుడు జ్వరం ఉందో లేదో చూసుకో.

పడుకునే ముందు ఒక్క ప్రశ్న కూడా వేసుకో. పతంజలి యోగసూత్రాల రెండో పాదంలో హింస మూడు రకాలని ఉంది: తాను చేసింది, ఇంకొకరితో చేయించింది, చూసి సరే అనుకున్నది. మొదటి రెండూ నీలో లేవు. మూడోది వెతుకు. మీ ఆఫీసాయనకు వేరే చోట తల కొట్టేసినట్టయితే, లోపల ఎక్కడో "బాగా అయింది" అనిపించిందా? దాన్ని పట్టుకోగలిగితే నీ బుద్ధి మెలకువగా ఉన్నట్టే.

పొరబాటు జరిగిన రోజున మాత్రం నిన్ను నువ్వు తిట్టుకోకు. విశ్వామిత్రుడు వేల ఏళ్ల తపస్సు చేసి, రంభను కోపంతో శపించి ఆ తపస్సు పోగొట్టుకున్నాడు. కోపగించను, మాట్లాడను అని నిశ్చయించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. చాలా ఏళ్ల తర్వాత తినబోతున్న అన్నాన్ని బ్రాహ్మణ వేషంలో ఇంద్రుడు వచ్చి అడిగితే, పలుకు లేకుండా అంతా ఇచ్చేశాడు. నువ్వు జపించే గాయత్రికి ఋషి ఆయనే. ఆ మంత్రంలో మనం అడిగేది ధనం కాదు, ఆయుష్షు కాదు. మా బుద్ధిని ప్రేరేపించమని అడుగుతాం. అన్నిసార్లు పడి లేచినవాడికి ఏం అడగాలో తెలిసింది.

విద్యాప్రకాశానందగిరి స్వామివారి గీతామకరందం పోస్టులో పంపుతున్నాను. మూడో అధ్యాయం 36 నుంచి 43 దాకా, ఆరో అధ్యాయం 24, 25, 26 ముందు చదువు. మనసు ఎటు పరుగెత్తితే అటునుంచి వెనక్కి తెచ్చుకోమన్న శ్లోకం 26వది. మెల్లగా అన్న మాట 25లో ఉంది, దాన్ని దాటేయకు. అర్థం కానిచోట పెన్సిల్‌తో గీత పెట్టి ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం. అమ్మాయికి, పిల్లలకు మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
పెదనాన్న