నలుగురిలోకి రావాలంటే భయం: మూలం ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. మేము కూలి పనికి ముంబై, పుణె పోయినన్నాళ్లు నాయనమ్మ దగ్గరే పెరిగాడు. పెళ్లిళ్లకు రాడు. క్లాసులో లేచి మాట్లాడాలంటే చెమటలు పడతాయంటాడు. ఇప్పుడు కాలేజీ మానేస్తానంటున్నాడు. మా వలస వల్లే ఇట్లయిందా?
– ఒక తల్లి, కోస్గి

జవాబు: అమ్మా, తప్పంతా మీ మీద వేసుకోకండి. పాలమూరు వలస ఇళ్లలో పెరిగిన పిల్లలందరూ ఇలా కారు. ఈ భయానికి ఒకే కారణం ఉండదు. కొంత వంశపారంపర్యంగా వస్తుంది. కొందరు పసితనం నుంచే కొత్తవాళ్లను చూస్తే వెనక్కి తగ్గుతారు. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా వీరిలో ఎక్కువగా స్పందిస్తుంది. దానికి బడిలో ఎగతాళి, బంధువుల పోలికలు తోడైతే, అందరూ తననే తప్పుపడుతున్నారన్న నమ్మకం పాతుకుపోతుంది.

ఆ భయాన్ని పెంచి పోషించేది తప్పించుకోవడమే. పెళ్లికి వెళ్లకపోతే ఆ పూటకు ఊరట. కానీ వెళ్లినా ఏమీ కాదని తెలుసుకునే అవకాశం పోతుంది. మరుసటిసారి అడుగు మరింత బరువవుతుంది.

అందుకే కాలేజీ మాన్పించకండి, అలాగని బలవంతంగా పదిమంది ముందుకు నెట్టకండి. మొదట దుకాణంలో ధర అడగడం, తర్వాత స్నేహితుడితో వేడుకకు వెళ్లి అరగంట ఉండటం, ఇలా కొద్దికొద్దిగా అలవాటు చేయించండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మానసిక చికిత్సలో ఇదే ముఖ్యమైన పని. అవసరమైతే డాక్టరు మందులూ ఇస్తారు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట అతని నోట వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ భయం నయమయ్యే సమస్యే.